నా పేరున్న గ్లాసు

పోయిన ఆదివారం కాశీబుగ్గలో మా బావ ఇంటికి వెళ్ళాను. బావ అంటే మా మేనత్త కొడుకు. అత్తకి కిడ్నీలు పాడయ్యాయని, పలాస ఆసుపత్రిలో డయాలసిస్ చేయిస్తున్నారని, టెక్కలి నుంచి మాటిమాటికీ తిప్పలేక బావ ఆవిణ్ణి తన దగ్గరికే తెచ్చుకున్నాడని తెలిసి చాలాకాలమైంది. వెళ్ళాలి వెళ్ళాలి అనుకుంటూనే రోజులు నెట్టుకొచ్చాను. ఎందుకంటే చెప్పడానికి పెద్ద కారణం ఏమీ లేదు. ఉద్దానంలో పుట్టినవాళ్ళకి ఇలాంటి పరామర్శలు కొత్త కాదు. ఏ ఇంటికి వెళ్ళినా అవే మాటలు, అవే మందుల సంచులు. ఏ పళ్ళు తీసుకెళ్ళకూడదో కూడా మాకు కంఠతా వచ్చు. చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుని వంటింట్లోకి తొంగిచూశాను. గట్టు చివర, మిగతా గిన్నెలకి జానెడు ఎడంగా, ఒక స్టీలు గ్లాసు బోర్లించి ఉంది. దాని మీద చుక్కలు చుక్కలుగా నా పేరు ఉంది. ఆ ఇంట్లో నేను ఉండను, ఎప్పుడూ ఉండలేదు కూడా. నా పేరు మాత్రం ఉంది.

ఆ గ్లాసు సంగతి చెప్పాలంటే ముందు మా అత్త సంగతి చెప్పాలి. మా నాన్నకి అక్క ఆవిడ. సముద్రానికి కూతవేటు దూరంలో ఉన్న మా ఊళ్ళోనే పుట్టింది, కొబ్బరితోటల్లో తిరిగి, జీడిమామిడి పళ్ళు తిని పెరిగింది. పెళ్ళయి టెక్కలి వెళ్ళాక మాత్రం తనది ఉద్దానం అంటే ఒప్పుకునేది కాదు. పుట్టిల్లు ఎక్కడని ఎవరైనా అడిగితే సోంపేట దగ్గర అనేసి మాట మార్చేది. సోంపేటకీ మా ఊరికీ మధ్య ఎంత ఇసుక ఉందో ఆవిడకీ తెలుసు, మాకూ తెలుసు. మనిషి భారీ, గొంతు అంతకన్నా భారీ. ఆవిడ బజారులో కూరగాయలు బేరమాడుతుంటే, పక్క సందులో బట్టలకొట్లో కూర్చున్న మావయ్యకి ఆ పూట కూరేమిటో తెలిసిపోయేదట. ఈ మాట మావయ్యే చెప్పేవాడు, ఆవిడ దగ్గర లేనప్పుడు. పెట్టే చెయ్యి ఆవిడది. ఇంటికొచ్చినవాళ్ళని ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ లేవనిచ్చేది కాదు. మా ఊరి నుంచి బస్సు మీద జీడిపప్పు, కొబ్బరికాయల బస్తా వస్తే సంబరపడిపోయేది. మా ఊరి నీళ్ళు మాత్రం ముట్టేది కాదు. పుట్టింటికి వస్తే టెక్కలి నుంచి పెద్ద డబ్బాతో నీళ్ళు మోసుకొచ్చేది. కొబ్బరినీళ్ళకి ఒక్కదానికే మినహాయింపు. చెట్టు వడపోసి ఇస్తుంది గనక వాటిలో దోషం ఉండదని ఆవిడ సిద్ధాంతం. అలాగైతే మనిషి ఒళ్ళు మాత్రం వడపోసుకోదా అని మావయ్య ఒకసారి అడిగి, ఆ పూట మజ్జిగ లేకుండా లేచాడు.

ఆవిడ భయం ఊరికే పుట్టింది కాదు. మా వైపు అప్పటికే మనుషులు కాళ్ళు వాచి మంచాన పడుతున్నారు. నీళ్ళ వల్లే అనేవాళ్ళు కొందరు, తోటల్లో కొట్టే మందుల వల్ల అనేవాళ్ళు కొందరు. ఎందువల్లో ఇప్పటికీ ఎవరూ తేల్చి చెప్పలేదు. ఒకరి నుంచి ఒకరికి అంటుకునే రోగం కాదని మాత్రం డాక్టర్లు అప్పుడే చెప్పారు. కానీ ఒకే ఇంట్లో తాత, తండ్రి, కొడుకు వరసగా పడిపోతుంటే డాక్టరు మాట ఎవరి చెవికెక్కుతుంది. మా వీధి బోరింగుకి ఎవరో అధికారులు వచ్చి ఎర్రరంగు పూసి వెళ్ళారు. ఆ నీళ్ళు తాగొద్దని గుర్తు. తాగదగ్గ బోరింగు ఊరికి అవతల ఉండేది. ఎండాకాలం మధ్యాహ్నాలు ఇసకలో అంత దూరం నడవలేక ఎర్రదాని నీళ్ళే తెచ్చుకుని తాగేవాళ్ళం. గేదెలు ఒళ్ళు రుద్దుకుని రుద్దుకుని కొన్నాళ్ళకి ఆ రంగు కూడా సగం పోయింది. నేను తొమ్మిదో తరగతి పాసైన వేసవిలో మా నాన్నకి కాళ్ళు వాచాయి. అమ్మ ఏడవలేదు. నా బట్టలు సర్దింది. పదో తరగతి అయ్యేదాకా అయినా పిల్ల ఈ నీళ్ళకి దూరంగా ఉంటే బాగుండునని అత్తకి కబురు పెట్టింది. అత్త మారుమాట లేకుండా పంపించమంది. ఇది నేను మరిచిపోకూడదు. వద్దన్నా ఆ రోజుల్లో ఆవిణ్ణి ఎవరూ తప్పుపట్టేవాళ్ళు కాదు.

టెక్కలి వెళ్ళిన మర్నాడే అత్త నన్ను వెంటబెట్టుకుని సామాన్ల కొట్టుకి తీసుకెళ్ళింది. బరువైన స్టీలు గ్లాసు ఒకటి ఏరి, వేలితో కొట్టి మోత విని, దాని మీద పేరు కొట్టమని కొట్టతనికి ఇచ్చింది. గిన్నెల మీద పేరంటే సాధారణంగా ఇంటి యజమానిదే. అత్తవాళ్ళింట్లో చెంబుల మీదా, కంచాల మీదా అన్నిటి మీదా మావయ్య పేరే ఉండేది. కొట్టతను కూడా అలవాటు కొద్దీ ఆ పేరే మొదలుపెట్టబోతే అత్త ఆపి నా పేరు చెప్పింది, దూరానికి కూడా కనబడేలా పెద్దగా కొట్టమంది. మిషను గుర్రుమంటుంటే స్టీలు మీద చుక్క పక్కన చుక్క పడుతూ నా పేరు తయారైంది. బావకి కూడా తన పేరుతో గ్లాసు లేదు. నాకుంది. ఇంటికొచ్చేదాకా దాన్ని చేతిలోనే పట్టుకుని నడిచాను. అది నేనే తోముకోవాలని, గట్టు చివర బోర్లించుకోవాలని అత్త చెప్పింది. కుండలో నేను చెయ్యి పెట్టకుండా తనే చెంబుతో ముంచి పైనుంచి వంచి పోసేది. చుట్టానికి చేసే మర్యాద కాబోలనుకున్నాను. నా జీవితంలో నాకంటూ పేరు రాసి ఉన్న మొదటి వస్తువు అది. మా ఊరి స్నేహితురాళ్ళకి చెప్పుకోవడానికి వాళ్ళు పక్కన లేరే అని దిగులుపడ్డాను.

దసరా ముందు అమ్మ నన్ను చూడటానికి వచ్చింది. గొప్పగా గ్లాసు తీసుకెళ్ళి చూపించాను. అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. చుక్కల మీద వేలు ఆనించి నా పేరు మొత్తం చదివింది. తర్వాత వంటింట్లోకి చూసింది, గట్టు మీదికి చూసింది. "మంచి గళాసు," అంది. దాన్ని తనే కడిగి, నేను ఎక్కణ్ణుంచి తీశానో అక్కడే బోర్లించి పెట్టింది. సాయంత్రం బస్సెక్కేటప్పుడు నా తల మీద చెయ్యి వేసి, అత్త చెప్పినట్టు వినమంది. అమ్మకి ఆ గ్లాసు ఎందుకు నచ్చలేదో నాకు అప్పుడు అర్థం కాలేదు.

మా ఇంగ్లీషు మాస్టారు నందిగాం నుంచి పాత స్కూటరు మీద వచ్చేవారు. ఆ స్కూటరు చప్పుడు వినబడితే బడి గంట కొట్టే అవసరం ఉండేది కాదు. ఆయన పాఠం చెప్పేవారు కాదు, ఆడి చూపించేవారు. ఉపన్యాసం పాఠంగా వస్తే మాలో ఒకరిని బెంచీ ఎక్కించి, మిగతావాళ్ళని జనంగా కూర్చోబెట్టేవారు. మా బడిలో బెంచీ ఎక్కడమంటే శిక్ష. ఆయన క్లాసులో మాత్రం బహుమానం. వరండాలోంచి వెళ్తున్న హెడ్మాస్టరుకి ఈ తేడా తెలిసేది కాదు. బెంచీ మీద ఉన్నవాళ్ళని కిటికీలోంచి ఒకసారి కోప్పడి మరీ వెళ్ళేవారు. ఆ ఏడు మాకు అమెరికాలో నల్లవాళ్ళ మీద చూపించిన వివక్ష గురించి ఒక కథా, దాని వెనకే ఒక నల్లజాతి నాయకుడి ఉపన్యాసమూ పాఠాలుగా ఉండేవి. కథలో ఒక నల్లపిల్ల తండ్రితో కలిసి రైలుకోసం స్టేషనుకి వస్తుంది. అక్కడ మంచినీళ్ళ కుళాయిలు రెండుంటాయి. ఒక్కోదాని మీద ఒక్కో బోర్డు.

మాస్టారు కథ చదివించకముందే నల్లబల్ల మీద రెండు కుళాయిలు గీశారు. ఒకదాన్ని సుద్దముక్కతో తెల్లగా నింపారు. రెండోది నల్లబల్లే గనక దానికి రంగు వెయ్యాల్సిన పని లేకపోయింది. రెండు ఎందుకు పెట్టారో ఎవరైనా చెప్పగలరా అని అడిగారు. క్లాసులో ఎవరూ కదల్లేదు. నాకు మాత్రం అది ఎంత తేలిక ప్రశ్నో అనిపించింది. చెయ్యెత్తి లేచాను.

"ఒక దాంట్లో నీల్లు మంచివి కావండి. తెలీక తాగీకుండా బోర్డు ఎట్టినారు."

క్లాసంతా గొల్లుమంది. మాస్టారు నవ్వలేదు. నాది ఏ ఊరని అడిగారు. చెప్పాను. మీ ఊళ్ళో అలా బోర్డు పెట్టారా అని అడిగారు. బోర్డు కాదని, ఎర్రరంగు అని చెప్పాను. ఆయన కాసేపు చేతిలో సుద్దముక్క తిప్పుతూ నిలబడ్డారు. తర్వాత బల్ల వైపు తిరిగి, తెల్ల కుళాయి కింద నుంచి ఒక గీత, నల్ల కుళాయి కింద నుంచి ఒక గీత లాగి, రెండిటినీ కింద కలిపేశారు.

"రెండిట్లోనూ ఒకటే నీళ్ళమ్మా. కింద గొట్టం ఒకటే," అన్నారు.

మిగతా పాఠం నాకు వినబడలేదు. ఆ కలిసిన గీతల దగ్గరే ఆగిపోయాను. నీళ్ళలో తేడా లేదు. తాగేవాళ్ళ కోసం పెట్టిన బోర్డు అది. సాయంత్రం ఇంటికి వెళ్ళి దాహం వేస్తున్నా వెంటనే నీళ్ళు అడగలేదు. గట్టు ముందు నిలబడి గ్లాసు చూశాను. అదే కుండ, అవే నీళ్ళు. బావ ఏ గ్లాసు చేతికందితే దాంతో తాగుతాడు. మావయ్య చెంబు ఎత్తి తాగుతాడు. పాలవాడొచ్చినా, చాకలామె వచ్చినా అరలో ఉన్న ఏదో ఒక గ్లాసులోనే పోస్తారు. పేరున్నది నాదొక్కటే, జానెడు ఎడంగా ఉన్నది నాదొక్కటే. అమ్మ ఆ గ్లాసును ఎందుకంత సేపు తిప్పి చూసిందో అప్పుడు తెలిసింది. కోపం రాలేదు. ఏడుపూ రాలేదు. చాలాసేపు కదలకుండా కూర్చుంటే కాలికి తిమ్మిరెక్కుతుందే, అలా లోపల ఎక్కడో తిమ్మిరెక్కింది. అత్త వచ్చి, రోజూలాగే పైనుంచి వంచి పోసింది. రోజూలాగే తాగాను.

అడిగేయొచ్చు కదా అని ఇప్పుడు ఎవరైనా అనొచ్చు. అడిగితే అత్త నొచ్చుకుంటుంది. నొచ్చుకుంటే నన్ను పంపించేస్తుంది. పంపిస్తే మళ్ళీ ఎర్ర బోరింగే. మంచంలో ఉన్న నాన్న, నా బట్టలు సర్దిన అమ్మ, వాళ్ళ చేతుల్లో ఉన్న ఒక్క ఏర్పాటూ నా నోటితో పోతుంది. అందుకని నోరు మెదపలేదు. నేను కోరుకున్నది చాలా చిన్నది. ఒక్కసారి అత్త తనంతట తను, అరలోంచి ఏదో ఒక గ్లాసు తీసి, అందరికీ పోసినట్టు నాకూ పొయ్యాలి. అంతే. ఆ కోరికతోటే ఆ చలికాలమంతా గడిపాను.

ఇంతలో బడి వార్షికోత్సవం వచ్చింది. ఆ నల్లజాతి నాయకుడి ఉపన్యాసం స్టేజి మీద చెప్పడానికి మాస్టారు నన్ను ఎంచుకున్నారు. క్లాసులో నాకంటే ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఎందుకు నన్నే అన్నారో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. మేడ మీద బట్టలారేసే తీగల మధ్య నిలబడి రోజూ వల్లించేదాన్ని. మావయ్య లుంగీలే నాకు జనం. అత్త కింద నుంచి విని, ఏమిటా అరుపులు, ఎవరినే తిడుతున్నావు అని కేకేసేది. నాకు మాత్రం అప్పటికి ఒక ఆలోచన వచ్చింది. నేను అడగనక్కర్లేదు. ఉపన్యాసం అయ్యాక, అందులో ఏముందో అత్తే అడుగుతుంది. అప్పుడు కుళాయిల సంగతి చెబుతాను. మిగతాది ఆవిడకే తెలుస్తుంది.

అత్త పట్టుచీర కట్టుకుని వచ్చి ముందు వరసలో కూర్చుంది. నేను మాట్లాడుతున్నంతసేపూ పక్కనున్నవాళ్ళకి నా కోడలు, నా కోడలు అని చెప్పుకుంది. అది స్టేజి మీదికి కూడా వినబడింది. ఆవిడ గొంతు అలాంటిది. ఒక్క ముక్క ఇంగ్లీషు రాకపోయినా, అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది, ఒకసారి వాక్యం మధ్యలోనే. ఇంటికి రాగానే చీర మార్చుకుని, వంటింట్లో పీట వేసుక్కూచుని, మా ఊరి నుంచి వచ్చిన జీడిపప్పుకి పొట్టు తీస్తూ, ఇంతకీ ఆ మాటలకి అర్థమేమిటో చెప్పమంది. నేను అనుకున్నట్టే జరిగింది. ఎదురుగా కూర్చుని చెప్పాను. నల్లవాళ్ళని బస్సుల్లో ఎలా వెనక కూర్చోబెట్టేవారో, బళ్ళోకి ఎలా రానిచ్చేవారు కాదో చెప్పి, చివర్లో కథలోని కుళాయిల దగ్గరికి వచ్చాను. రెండు కుళాయిలు, రెండు బోర్డులు, కింద ఒకటే గొట్టం. అత్త పొట్టు తియ్యడం ఆపేసింది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇప్పుడు గట్టు వైపు చూస్తుందనుకున్నాను.

"ఆల్లకి రోగమేటీ లేదు కదే. మరెందుకే అలగ సేసినారు?" అంది.

ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని, పాపిష్టి మనుషులు అని ఆ దేశం వాళ్ళని తిట్టింది. ఊరికే తిట్టడం కాదు, మనసారా తిట్టింది. తర్వాత అంతసేపు అరిచి గొంతెండిపోయి ఉంటుందని లేచి, గట్టు చివరి నుంచి నా గ్లాసు తీసి, నిండా నీళ్ళు పోసి ఇచ్చింది. పైనుంచి వంచి పోసింది. దోసెడు జీడిపప్పు కూడా పెట్టింది. నేను రెండూ తీసుకున్నాను. ఆవిడ జాలి అబద్ధం కాదు. నా మీద ప్రేమా అబద్ధం కాదు. ఆ రెండిటికీ, ఆ గ్లాసుకీ ఆవిడ మనసులో ఏ సంబంధమూ లేదు. ఆ రోజుతో నాలో కోరిక కూడా చప్పబడిపోయింది. మిగిలిన నెలలు ఆ గ్లాసుతోనే తాగి, పరీక్షలు రాసి, బాగా పాసై మా ఊరు వెళ్ళిపోయాను. గ్లాసు తీసుకెళ్ళమని అత్త అంది. మరిచిపోయినట్టు వదిలేశాను. ఆ వానాకాలంలో నాన్న పోయారు. అప్పుడు కూడా నేను అందరూ అనుకున్నంతగా ఏడవలేదు.

తర్వాత చదువు, ఉద్యోగం, నా కాపురం. జలంత్రకోట దగ్గర హైస్కూల్లో నేనూ ఇంగ్లీషే చెబుతున్నాను. పుస్తకాలు మారాయి గానీ అలాంటి పాఠం ఏదో ఒకటి ఏటా ఉంటుంది. నేను కూడా బల్ల మీద రెండు కుళాయిలు గీస్తాను, రెండు ఎందుకని అడుగుతాను. ఇప్పుడు ఊళ్ళోకి పైపుల నీళ్ళు వస్తున్నాయి, ఇళ్ళకి క్యాన్లు వస్తున్నాయి. అయినా ఏ ఏడో ఒక పిల్ల లేచి, ఒక దాంట్లో నీళ్ళు మంచివి కావు మేడమ్ అంటుంది. నేను కింద గీతలు కలుపుతాను. ఏటా అదే సుద్ద, అదే గొంతు. మా మాస్టారిలా కాసేపు ఆగడం నాకు చేతకాదు. సిలబస్ ఉంటుంది కదా అనుకుంటాను. బావ పెళ్ళికి మాత్రం సరదాగానే వెళ్ళాను. అత్త హరిశ్చంద్రపురం సంబంధం ఖాయం చేసింది. పెళ్ళిచూపుల్లో పిల్లకన్నా ముందు ఆ ఇంటి నూతినీళ్ళు తెప్పించుకుని, నోట్లో పోసి పుక్కిలించి రుచి చూసిందని, ఆ తర్వాతే పిల్లని రమ్మందని మావయ్య మా అందరికీ చెప్పి నవ్వించాడు. మావయ్య లేడిప్పుడు. ఇన్ని జాగ్రత్తలు పడిన అత్తకే చివరికి కాళ్ళు వాచాయి. పుట్టి పెరిగిన ఊరు ఒంట్లోనే ఉండిపోయిందో, ఇంకేదైనా కారణమో, దానికీ ఎవరి దగ్గరా జవాబు లేదు.

పోయిన ఆదివారం ఆ గ్లాసు చూస్తూ నిలబడితే, బావ భార్య వచ్చి సంజాయిషీ చెప్పుకుంది. అక్కా, నేను పెట్టలేదు అంది. జబ్బని తెలిసిన రోజే అత్తయ్య తనంతట తనే టెక్కలి ఇంట్లో అటక మీది సామానంతా దింపించి ఆ గ్లాసు వెతికించిందట. వద్దన్నా వినలేదట. కొత్తదాని మీద పేరు కొట్టించడం దండగ, ఉన్నదే ఉంది కదా అందట. దాంతో ఇంకెవర్నీ తాగనివ్వదట, తనే కడుక్కుంటుందట, మనవల్ని దాని దగ్గరికి కూడా రానివ్వదట. ఇలా చెప్పి ఆమె ఆ గ్లాసు తీసి నా చేతికిచ్చింది, అత్తయ్య నీళ్ళు తాగే వేళయిందని. చుక్కలు అరిగాయి గానీ పేరు ఇంకా చదవడానికి వస్తోంది.

అత్త గదిలో మంచం మీద ఉంది. ఆ భారీ మనిషి ఎటు పోయిందో తెలియలేదు. గొంతు కూడా మంచం దాటి రావడం లేదు. పక్కనే స్టూలు మీద సీసాలో ఆ రోజుకి ఆవిడ తాగొచ్చని డాక్టరు చెప్పిన నీళ్ళు ఉన్నాయి. అంతకుమించి గుక్కెడు ఎక్కువైనా ఊపిరాడదు. కొబ్బరినీళ్ళు అసలే కూడదు. నన్ను చూసి గుర్తుపట్టి, ఎండలో వచ్చానని నొచ్చుకుంది. నా చేతిలోంచి గ్లాసు తీసుకుని, సీసా వంచి, నేను వారించేలోపే అందులో సగందాకా పోసింది. అది తాను తాగడానికి అనుకున్నాను. నా వైపు చాచింది. అవి ఆవిడ సాయంత్రం దాకా దాచుకోవాల్సిన నీళ్ళు. తీసుకుంటే ఆవిడ దాహాన్ని తాగినట్టు. ఏం చెయ్యాలో తోచక చెయ్యి చాచకుండా ఉండిపోయాను. ఆవిడ నా మొహంలోకి చూసింది, వేరేలా అర్థం చేసుకుంది.

"బయపడకే. అంటుకోదంట. డాక్టరు సెప్పినాడు," అంది.

గ్లాసు అందుకుని ఒక గుక్క తాగాను. క్యాను నీళ్ళు. రుచీ పచీ లేదు. మిగిలినవి ఆవిడ చేతికి తిరిగిచ్చాను. ఆవిడ గ్లాసు పైకెత్తి నోట్లో పోసుకోలేదు, నేను తాగిన వైపు తుడవనూ లేదు. అలాగే పెదాలకి ఆనించుకుని కొంచెం కొంచెంగా తాగి, నోట్లో నిలుపుకుని మింగింది. ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూశాను. రాలేదు. ఆ టెక్కలి వంటింట్లో నేను అడగలేకపోయినది ఇన్నేళ్ళకి నడుచుకుంటూ నా చేతిలోకి వచ్చింది. దానికోసం ఎదురుచూసిన పిల్ల నాలోంచి ఎప్పుడు లేచి వెళ్ళిపోయిందో నేను గమనించనే లేదు.